వారం తిరగకుండానే వదులయ్యే ఆల్టర్నేటర్ బెల్టులు

మీరు చెప్పిన విషయాన్ని ముందుగా నాలుగు మాటల్లో చెప్పుకుందాం. మీది ఇరవై ఏళ్లు దాటిన డీజిల్ వ్యాన్. ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంది. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను, దానితోపాటు ఇంజిన్‌ను చల్లబరిచే నీటిని తిప్పే వాటర్ పంపును, జంటగా నడిచే రెండు వీ-బెల్టులు (V అక్షరంలా కిందికి సన్నబడే బెల్టులు) తిప్పుతున్నాయి. ఉదయం స్టార్ట్ చేయగానే కీచుమనే శబ్దం వస్తోందని, మూడుసార్లు బిగించినా వారం తిరగకుండానే బెల్టులు మళ్లీ వదులైపోతున్నాయని, ఇప్పుడు ఒక బెల్టు అంచున పీచులు లేస్తున్నాయని రాశారు. ఆ ఒక్క బెల్టునే మార్చుకోవచ్చా, ఎంత బిగించాలి, ఈ పని సొంతంగా చేసుకోవచ్చా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

ఒక్కదాన్నే మార్చకూడదు, రెండూ కలిపే మార్చాలి. పని సొంతంగా చేసుకోవచ్చు. మామూలు పానాలు, కాస్త ఓపిక ఉంటే సగం రోజులో అయిపోతుంది. ఎంత బిగించాలన్నదానికి అంకె కూడా చెబుతాను, కానీ ఒక్క ఆ అంకెతో మీ సమస్య తీరదు. మంచి బెల్టును మంచి పుల్లీల (బెల్టు కూర్చునే గాడి చక్రాల) మీద, ఆల్టర్నేటర్‌ను ఇంజిన్‌కు పట్టి ఉంచే కదలని బ్రాకెట్‌లో ఒకసారి సరిగ్గా బిగిస్తే అది నెలల తరబడి అలాగే నిలుస్తుంది. వారానికొకసారి వదులవుతోందంటే బెల్టు గాడిలోకి దిగిపోతూ ఉండాలి, లేదా ఆల్టర్నేటర్ ఉన్నచోట నిలవకుండా జరుగుతూ ఉండాలి, లేదా బెల్టుకు ఏదో తగులుతూ దాన్ని పాడుచేస్తూ ఉండాలి. అందుకే ఈ పనిలో బిగింపు చివరి మెట్టు. మీరు మూడుసార్లూ ఆ చివరి మెట్టు దగ్గరే మొదలుపెట్టారు.

ఇంకొక విషయం ముందే చెప్పాలి, ఎందుకంటే ఇది ప్రాణాలకు సంబంధించినది. చాలా పాత డీజిల్ వ్యాన్లలో పెడల్ తొక్కుడును తేలికచేసే బ్రేకు బూస్టర్‌కు కావలసిన వ్యాక్యూమ్‌ను (గాలి తీసేసిన ఖాళీని) తయారుచేసే చిన్న పంపు ఆల్టర్నేటర్ వెనక భాగానికే, అదే ఇరుసు మీద బిగించి ఉంటుంది. డీజిల్ ఇంజిన్‌కు పెట్రోల్ ఇంజిన్‌లా గాలి లోపలికి వెళ్లే దారిలో తగినంత వ్యాక్యూమ్ పుట్టదు కాబట్టి ఈ ఏర్పాటు. మీ ఆల్టర్నేటర్ వెనక ఒక లావుపాటి రబ్బరు గొట్టం బ్రేకు బూస్టర్ వైపు వెళుతూ, ఇంజిన్ ఆయిల్ తెచ్చే సన్నని గొట్టం ఒకటి, ఆయిల్ తిరిగి దిగే గొట్టం ఒకటి కనిపిస్తే మీ వ్యాన్‌ కూడా అలాంటిదే. అటువంటి బండిలో బెల్టులు తెగితే ఛార్జింగ్ ఆగిపోవడమే కాదు, బూస్టర్‌లో మిగిలిన వ్యాక్యూమ్ అయిపోయే వరకు ఒకటి రెండుసార్లు మాత్రమే బ్రేకు మామూలుగా పడుతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది. వాటర్ పంపు కూడా అదే బెల్టు మీద ఉంది కాబట్టి ఇంజిన్ కొద్ది నిమిషాల్లోనే వేడెక్కుతుంది. పీచులు లేచిన బెల్టుతో దూర ప్రయాణం చేయకండి.

ఇక కీచుశబ్దం ఉదయమే ఎందుకు వస్తుందో చూద్దాం. రాత్రంతా చల్లబడిన ఇంజిన్‌ను స్టార్ట్ చేసేటప్పుడు డీజిల్ అంటుకోవడానికి ఇంజిన్ లోపల వేడిచేసే గ్లో ప్లగ్గులు, స్టార్టర్ మోటారు కలిసి బ్యాటరీ నుంచి చాలా కరెంటు లాగేస్తాయి. ఇంజిన్ అందుకోగానే ఆ లోటును పూడ్చడానికి ఆల్టర్నేటర్ తన పూర్తి శక్తితో పనిచేస్తుంది. 14 వోల్టుల దగ్గర 70 ఆంపియర్లు ఇస్తోందనుకుంటే అది దాదాపు 1,000 వాట్లు. ఆల్టర్నేటర్‌లో చెప్పుకోదగ్గ భాగం వేడిగా పోతుంది కాబట్టి బెల్టు మోయవలసిన బరువు అంతకంటే బాగా ఎక్కువ, సుమారు రెండు హార్స్‌పవర్ అనుకోండి. ఆల్టర్నేటర్ పుల్లీ అన్నిటికంటే చిన్నది, బెల్టు దాన్ని చుట్టుకునే చుట్టు కూడా తక్కువే. రబ్బరు చల్లగా, బిరుసుగా, ఒక్కోసారి మంచుచెమ్మతో తడిగా ఉంటుంది. ఈ కారణాలన్నీ ఒకేసారి కలిసే చోటు అదే కాబట్టి జారడం అక్కడే మొదలవుతుంది. ఆ కూత అంటే బెల్టు జారుతోందని, జారిన ప్రతిసారీ పక్కగోడలు వేడెక్కి అద్దంలా నున్నబడుతున్నాయని అర్థం. ఒకసారి నున్నబడిన బెల్టు ఎంత బిగించినా మునుపటి పట్టు పట్టదు.

వీ-బెల్టు పట్టు ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే తక్కిన పని అంతా తేలికగా అర్థమవుతుంది. ఈ బెల్టు గాడి అడుగున ఆనదు, ఆనకూడదు. చీలికలో కొట్టిన మేకులా రెండు పక్కగోడల మధ్య ఇరుక్కుంటుంది. ఆ ఇరుకుడు వల్లనే అదే లాగుడుకు చదును బెల్టు కంటే దాదాపు మూడు రెట్ల పట్టు దొరుకుతుంది. బెల్టు పక్కలు అరిగి సన్నబడినా, గాడి గోడలు అరిగి వెడల్పైనా బెల్టు కిందికి దిగుతూ చివరికి అడుగును తాకుతుంది. తాకిన క్షణం నుంచి అది ఉత్త చదును బెల్టే. మీరు ఎంత లాగినా ఆ బలమంతా బేరింగుల మీద పడుతుందే తప్ప పట్టు పెరగదు. కాబట్టి మొదటి పరీక్షకు పానా కూడా అక్కర్లేదు. ఇంజిన్ ఆపి, టార్చిలైటు పట్టుకుని ఆల్టర్నేటర్ పుల్లీని పక్కనుంచి చూడండి. మంచి బెల్టు పైముఖం పుల్లీ అంచుతో సమానంగానో, కాస్త పైకో ఉంటుంది. అంచుకంటే బాగా లోపలికి దిగి ఉంటే, బెల్టు తీశాక గాడి అడుగు తళతళ మెరుస్తూ కనిపిస్తే, మీ మూడు బిగింపులూ ఎందుకు నిలవలేదో అక్కడే తెలిసిపోతుంది. మామూలుగా గాడి పక్కగోడలే మెరవాలి. అడుగు మసిబారినట్టు మట్టిరంగులో ఉండాలి.

జంట బెల్టుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఒక్కటి మారిస్తే సరిపోదా అన్న ఆలోచన చాలామందికి వస్తుంది. రెండు బెల్టులూ ఒకే ఆల్టర్నేటర్‌ను, ఒకే బోల్టు బిగింపుతో మోస్తాయి. కొత్తది పొట్టిగా, పాతది సాగి పొడవుగా ఉంటే కొత్త బెల్టు ఒక్కటే మొత్తం బరువు మోస్తుంది, పాతది జారుతూ వేడెక్కుతూ గాడిని అరగదీస్తుంది. గాడిలో కూర్చునే ఎత్తు తేడా వచ్చినా ఇంతే. ఆల్టర్నేటర్ పుల్లీ మీద బెల్టు నడిచే వ్యాసం 65 మి.మీ. అనుకుందాం. ఒక బెల్టు రెండోదానికంటే 1 మి.మీ. లోతుగా కూర్చుంటే దానికి ఆ పుల్లీ వ్యాసం 63 మి.మీ. అవుతుంది. అంటే రెండు బెల్టులూ అదే పుల్లీని మూడు శాతం తేడాతో వేరువేరు వేగాలతో తిప్పాలని చూస్తాయి. పుల్లీ తిరిగేది ఒకే వేగంతో కాబట్టి, ఇంజిన్ నడుస్తున్నంతసేపూ రెండింట్లో ఒకటి జారుతూనే ఉంటుంది. చూడ్డానికి రెండూ బిగుతుగానే కనిపిస్తాయి. అందుకే జంట బెల్టులను పొడవు సరిచూసి జతగా అమ్మినవే తీసుకోవాలి. జతగా దొరకకపోతే ఒకే తయారీదారువి, ఒకే రకానివి, ఒకే తయారీ విడతవి తీసుకుని, రెండింటినీ పక్కపక్కన ఒక మేకుకు తగిలించి కింది అంచులు సమానంగా ఉన్నాయో లేదో కళ్లారా చూసుకోండి.

కొలత విషయంలో పాత బెల్టు మీది అంకెనే గుడ్డిగా నమ్మకండి. ఇంతకుముందు ఎవరో దొరికిన సైజు వేసి ఉండవచ్చు. వాహనం మాన్యువల్లోని పార్ట్ నంబరుతో సరిచూడండి. బెల్టు వీపు మీద ‘ఏవీఎక్స్ 10 × 1000’ లాంటి గుర్తు ఉంటే పై వెడల్పు 10 మి.మీ., బయటి పొడవు 1,000 మి.మీ. అని. ‘4పీకే 850’ అని ఉంటే అది వీ-బెల్టు కాదు, నాలుగు గీతల పట్టీ బెల్టు. అది మీ పుల్లీలకు పనికిరాదు. 10 మి.మీ. గాడిలో 13 మి.మీ. బెల్టు పైనే తేలుతుంది, 13 మి.మీ. గాడిలో 10 మి.మీ. బెల్టు అడుగుకు దిగిపోతుంది. పొడవులో కొద్ది మిల్లీమీటర్ల తేడాను సర్దుబాటు కాడ (ఆల్టర్నేటర్‌ను జరిపి బెల్టు బిగించడానికి ఉండే పొడుగు కన్నపు పట్టీ) భరిస్తుంది గానీ వెడల్పులో తేడాను ఏదీ భరించదు.

పని మొదలుపెట్టే ముందు ఇంజిన్ పూర్తిగా చల్లబడనివ్వండి, తాళంచెవి తీసి జేబులో వేసుకోండి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. ఈ చివరిదాన్ని దాటవేయకండి. ఆల్టర్నేటర్ వెనక ఉండే లావు తీగ తాళం తీసినా సరే నేరుగా బ్యాటరీకి కలిసే ఉంటుంది. ఇరుకులో పానా ఒక కొస ఆ బోల్టుకు, రెండో కొస ఇంజిన్ బాడీకి తగిలిందంటే మిరుమిట్లు గొలిపే మంటతో పానా ఎర్రబడుతుంది. రేడియేటర్‌కు ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఉన్న బండ్లలో అది తనంతట తానే తిరగడం మొదలుపెట్టే ప్రమాదాన్ని కూడా ఈ జాగ్రత్త తప్పిస్తుంది. కిందినుంచి పని చేయాల్సి వస్తే చక్రాలకు అడ్డు పెట్టి, బండిని స్టాండ్ల మీద నిలపండి. జాకీ ఒక్కదాని మీద నిలిచిన బండి కిందికి ఎన్నడూ దూరవద్దు.

బెల్టులు తీయడం పెద్ద పనేమీ కాదు. సీటు, ఇంజిన్ మూత ఎత్తి, బెల్టుల దారిని ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. ముందువైపు ఏసీకో, పవర్ స్టీరింగ్‌కో వేరే బెల్టు ఉంటే ముందు దాన్ని తీయాలి; ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి దాని పరిస్థితి కూడా చూసుకోండి. తర్వాత ఆల్టర్నేటర్ ఊగే పొడవైన ఇరుసు బోల్టును, పొడుగు కన్నమున్న సర్దుబాటు కాడ మీది బోల్టును, రెండింటినీ వదులు చేయాలి. చాలామంది కాడ బోల్టు మాత్రం వదులు చేసి ఆల్టర్నేటర్‌ను గడ్డపారతో నెడతారు. ఇరుసు బోల్టు బిగిసి ఉండగా అలా నెడితే ఆ బోల్టు దూరే అల్యూమినియం చెవులు చిట్లుతాయి. ఇరుసు బోల్టుకు తుప్పు పట్టి ఉంటే ముందు రోజే తుప్పు వదిలించే నూనె వేసి ఉంచండి. రెండూ వదులయ్యాక ఆల్టర్నేటర్‌ను ఇంజిన్ వైపు పూర్తిగా తోసి, బెల్టులను ఒక్కొక్కటిగా ఫ్యాన్ రెక్కల మీదుగా దాటించి బయటకు తీయండి.

ఇక్కడ తొందరపడి కొత్త బెల్టులు ఎక్కించేయకండి. బెల్టులు లేని ఈ అరగంటే మీకు అసలు సమాధానం చెప్పేది. మామూలుగా దాగి ఉండే భాగాలన్నీ ఇప్పుడు విడిగా, నిశ్శబ్దంగా, చేతితో తిప్పి చూడటానికి వీలుగా ఉన్నాయి.

మొదట పాత బెల్టులను చూడండి. ఒక పక్క మాత్రమే అరిగి, ఆ పక్కనే పీచులు లేచి ఉంటే పుల్లీలు ఒకే గీత మీద లేవన్నమాట. రెండు పక్కలూ నల్లటి అద్దంలా మెరుస్తుంటే జారుడు. రబ్బరు మెత్తబడి, ఉబ్బి, వేలికి జిగటగా తగిలితే ఆయిల్ పడుతోంది. అడ్డంగా సన్నని పగుళ్లు మాత్రమే ఉంటే అది వయసు.

తర్వాత పుల్లీలను చేతితో తిప్పండి. ఆల్టర్నేటర్ నున్నగా, చప్పుడు లేకుండా తిరగాలి. వెనక వ్యాక్యూమ్ పంపు ఉన్నవాటిలో కొద్దిపాటి బరువు తగలడం సహజం, కానీ గరగర, పట్టి వదులుతున్నట్టు ఉండటం సహజం కాదు. వాటర్ పంపు పుల్లీని పైకీ కిందికీ ఊపి చూడండి. ఆట (వదులు కదలిక) ఉన్నా, పంపు కింది చిన్న కన్నం దగ్గర కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఎండిన తెల్లటి, ఆకుపచ్చటి చార కనిపించినా పంపు రోజులు దగ్గరపడ్డాయి. బేరింగ్ పట్టేస్తున్న పుల్లీ మీద ఎంత మంచి బెల్టయినా జారుతుంది.

క్రాంక్ పుల్లీ, అంటే ఇంజిన్‌తో తిరుగుతూ బెల్టులను నడిపే పుల్లీ, చాలా ఇంజిన్లలో ఒకే ముక్క కాదు. లోపలి భాగానికి, బయటి గాడుల చట్రానికి మధ్య రబ్బరు పొర ఉంటుంది. ఏళ్లు గడిచిన కొద్దీ ఆ రబ్బరు విడిపోతే బయటి చట్రం తనంతట తాను జారుతుంది, లేదా అడ్డంగా ఊగుతుంది. అప్పుడు కూడా కీచుశబ్దం వస్తుంది, ఆ నింద కూడా బెల్టు మీదే పడుతుంది. దీనికి తేలికైన పరీక్ష ఉంది. పుల్లీ మధ్య నుంచి అంచు వరకు రబ్బరు మీదుగా సున్నపుముక్కతోనో పెయింటుతోనో ఒక నేరు గీత గీయండి. పని పూర్తయి బండి రెండు రోజులు నడిచాక ఆ గీత రెండు ముక్కలుగా విడిపోయి కనిపిస్తే పుల్లీ మార్చాలి.

ఇప్పుడు నాకు మీ బండిలో అన్నిటికంటే ఎక్కువ అనుమానమున్న చోటికి వద్దాం, అది ఇరుసు బోల్టు. ఆల్టర్నేటర్ చెవులు, ఇంజిన్ బ్రాకెట్ చెవులు, వాటి మధ్య ఉండే చిన్న ఇనుప బుష్ (బోల్టు దూరే గొట్టం ముక్క), ఈ మూడూ ఇరవై ఏళ్ల అదురుడుకు అరిగి, గుండ్రని కన్నం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. బెల్టు లేనప్పుడు ఆల్టర్నేటర్ నిటారుగానే నిలబడుతుంది. బెల్టు లాగుడు పడగానే ఆ కన్నంలో వాలి, ముందు ముఖం ఇంజిన్ వైపుకు ఒరుగుతుంది. అప్పుడు పుల్లీ వంకరవుతుంది, బెల్టు ఒక పక్క అరుగుతుంది, ఆల్టర్నేటర్ వాలిన మేరకు బెల్టు వదులవుతుంది. మీరు మళ్లీ బిగిస్తారు, అది ఇంకొంచెం వాలుతుంది. పరీక్ష ఇలా చేయండి: కాడ బోల్టు వదులుగానే ఉంచి, ఇరుసు బోల్టును వేలితో తిప్పినంత బిగువుకు తెచ్చి, ఆల్టర్నేటర్‌ను రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ మెలిపెట్టండి. అది ఊగవలసిన దిశలో తప్ప మరే దిశలోనూ టకటకమని ఆడకూడదు. ఆడితే బోల్టు బయటకు లాగి చూడండి. బోల్టు నడుమ మెట్టులా అరిగిన గుర్తు కనిపిస్తుంది. కొత్త బోల్టు, కొత్త బుష్ తక్కువ ఖర్చుతో పోయే పని. బ్రాకెట్ కన్నమే కోలగా అయి ఉంటే లేత్ పని చేసేవారితో దాన్ని పెద్దది చేయించి లోపల స్లీవ్ (ఇనుప తొడుగు) వేయించాలి, లేదా బ్రాకెట్టే మార్చాలి. దీన్ని వదిలేసి ఎన్ని బెల్టులు మార్చినా డబ్బు వృథా.

సర్దుబాటు కాడను కూడా తుడిచి చూడండి. దాని పొడుగు కన్నం చుట్టూ పాత వాషర్ తిన్న పల్లాలు ఉంటే, బోల్టు బిగించిన ప్రతిసారీ ఆ పాత పల్లంలోకే జారి కూర్చుంటుంది. మీరు మిల్లీమీటరు లాగినా బోల్టు దాన్ని వెనక్కి తెచ్చేస్తుంది. ఆ పల్లాన్ని ఆకురాయితో సమం చేసి, మందమైన, చదునైన కొత్త వాషర్ వేయండి. బోల్టు ఎక్కే మరలు అల్యూమినియంలో ఉండి సగం ఊడిపోయి ఉంటే బోల్టు బిగిసినట్టే చేతికి అనిపిస్తుంది కానీ కాడను నొక్కి పట్టదు. అలాంటప్పుడు ఆ కన్నంలో కొత్త మరలున్న తొడుగు (ఇన్సర్ట్) వేయించడమే దారి.

వ్యాక్యూమ్ పంపు ఉంటే ఆల్టర్నేటర్ అడుగున వేలితో తడిమి చూడండి. నల్లటి ఆయిల్ తగిలితే పంపు సీలో, గొట్టం వాషరో కారుతోంది. ఆయిల్ ముందుకు పాకి పుల్లీ మీద చిమ్మినంత కాలం ఏ బెల్టూ నిలవదు. నా పనిలో ఒకసారి ఒకే వ్యాన్‌కు ఏడాదిలో మూడు జతల బెల్టులు వేయవలసి వచ్చింది. మూడోసారి విప్పినప్పుడు గానీ ఆల్టర్నేటర్ కింద వెంట్రుకవాసి మందాన పేరుకున్న ఆయిల్ పొరను నేను గమనించలేదు. ఆయిల్ గొట్టం మీది రాగి వాషర్ ఒక్కటి మార్చిన తర్వాత నాలుగో జత అవసరం రాలేదు.

పుల్లీలు ఒకే గీత మీద ఉన్నాయో లేదో చూడటానికి పొడవైన ఉక్కు స్కేలునో, వంకర లేని అల్యూమినియం పట్టీనో క్రాంక్ పుల్లీ ముఖానికి ఆనించి ఆల్టర్నేటర్ పుల్లీ వరకు పట్టుకోండి. పుల్లీల అంచు మందాలు వేరుగా ఉంటే అంచులతో కాదు, గాడుల నడిమి దూరంతో లెక్కించాలి. కంటికి వంకర కనిపిస్తే అది ఎక్కువే. ఇరుసు బోల్టు దగ్గర సరైన మందపు వాషర్‌తో సరిదిద్దండి. ఆ తర్వాత గాడులను తీగ బ్రష్‌తో రుద్ది, బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, తుప్పు, రబ్బరు పొడి లేకుండా చేయండి. గాడి గోడలు లోపలికి గిన్నెలా వంగి అరిగి ఉంటే, కొత్త బెల్టును గాడిలో పెట్టి చూసినప్పుడు పక్కన వెలుతురు కనిపిస్తే, ఆ పుల్లీని కూడా మార్చాలి. బెల్టుకు శబ్దం రాకుండా పూసే మందులు, సబ్బు, గ్రీజు, పౌడరు ఏవీ వాడకండి. అవి కూతను కొన్నాళ్లు అణచి, దుమ్మును అంటించుకుని, అసలు జబ్బును దాచిపెడతాయి.

బెల్టులు ఎక్కించేటప్పుడు ఆల్టర్నేటర్ పూర్తిగా లోపలికి ఉండాలి. బెల్టు చేతితోనే గాడిలోకి రావాలి. రాకపోతే స్క్రూడ్రైవర్‌తో ఎత్తి, ఇంజిన్ తిప్పి ఎక్కించే అలవాటు ఉన్నవారు చాలామంది ఉన్నారు. బెల్టు బలమంతా దాని లోపలి దారాల్లో ఉంటుంది. అలా ఎక్కించినప్పుడు అంచు దారాలు లోపలే తెగుతాయి, బయటికి ఏమీ కనిపించదు. కొద్ది వారాల్లో బెల్టు తిరగబడటమో, చీలటమో జరుగుతుంది. లోపలి బెల్టు ముందు, బయటిది తర్వాత ఎక్కించి, రెండూ అన్ని పుల్లీల మీదా తమతమ గాడుల్లోనే ఉన్నాయని వేలితో తడిమి చూసుకోండి.

ఇక బిగింపు. ఇరుసు బోల్టును, కాడ బోల్టును ఆల్టర్నేటర్ కష్టం మీద కదిలేంత బిగువుకు తెచ్చుకోండి. సర్దుబాటు మర ఉన్న బండ్లలో దాన్ని కొద్దికొద్దిగా తిప్పితే చాలు. మీ బండిలా కాడ మాత్రమే ఉంటే ఆల్టర్నేటర్‌ను లీవర్‌తో బయటికి ఎత్తి పట్టుకోవాలి. ఆ లీవర్‌ను గట్టి కర్రతో చేసుకోండి, సుత్తి పిడి అయినా సరే. దాన్ని ఆల్టర్నేటర్ ముందు అల్యూమినియం చట్రానికే, అందులోనూ కాడ బోల్టు దగ్గరగా ఆనించండి. నడుమ ఉండే ఇనుప రేకుల చుట్టు మీద గానీ, వెనక మూత మీద గానీ, వ్యాక్యూమ్ పంపు మీద గానీ ఆనించకూడదు. మొదటిది వంగితే లోపలి తీగలు తగులుకుంటాయి, మిగతా రెండూ పగులుతాయి. ఇంజిన్ వైపు కూడా ఆయిల్ చాంబర్ రేకుకో, గొట్టాలకో కాక గట్టి పోత భాగానికి ఆనించాలి.

ఎంత బిగించాలి అంటే, మొట్టమొదట మీ వాహనం మాన్యువల్‌లో ఇచ్చిన కొలతే ప్రమాణం. అందులో కొత్త బెల్టుకు ఒక అంకె, వాడిన బెల్టుకు ఒక అంకె వేరువేరుగా ఉంటాయి. ఐదు నిమిషాలకు మించి నడిచిన బెల్టును వాడినదానిగానే లెక్కిస్తారు. మాన్యువల్ చేతిలో లేకపోతే, పుల్లీల మధ్య అన్నిటికంటే పొడవైన భాగం నడుమ సుమారు 10 కిలోల బలంతో నొక్కినప్పుడు, ఆ భాగం పొడవు 300 నుంచి 400 మి.మీ. ఉంటే, వాడిన బెల్టు 10 మి.మీ. అటూ ఇటూగా దిగాలి. కొత్త బెల్టు దానికంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువ దిగాలి. ఆ భాగం పొట్టిదైతే దిగుడూ ఆ మేరకు తగ్గుతుంది. చాలామంది బొటనవేలితో ‘అంగుళంలో సగం’ అని చెప్పేస్తారు, కానీ ఏ బలంతో నొక్కాలో చెప్పకపోతే ఆ మాటకు విలువ లేదు. నా బొటనవేలి బలం వేరు, మీది వేరు.

ఆ 10 కిలోలను కచ్చితంగా తెచ్చుకోవడానికి ప్రయాణపు సామాను తూచే కొక్కెం త్రాసు చక్కగా పనికొస్తుంది. బెల్టు నడిమి భాగానికి కొక్కెం తగిలించి, పుల్లీ నుంచి పుల్లీకి పైన ఒక వంకర లేని పట్టీ ఆనించి, త్రాసు 10 కిలోలు చూపే వరకు నేరుగా లాగుతూ, పట్టీ నుంచి బెల్టు ఎంత జరిగిందో స్కేలుతో కొలవండి. రెండు బెల్టులనూ విడివిడిగా కొలిచి, రెండు అంకెలూ దాదాపు సమానంగా ఉన్నాయా చూడండి. ఒకటి 7, ఒకటి 12 వచ్చిందంటే జత సరిపోలేదు, లేదా ఒక గాడి ఎక్కువ అరిగింది. ఇంకా బిగించి ఆ తేడాను సరిచేయలేరు. బెల్టును మెలితిప్పి 90 డిగ్రీలు తిరిగితే సరి అనే పద్ధతిని నేను వీ-బెల్టులకు వాడను. వెడల్పును, బిరుసును బట్టి అది ఒక్కో బెల్టుకు ఒక్కోలా తిరుగుతుంది.

కొలత కుదిరాక లీవర్‌ను వదలకుండానే కాడ బోల్టును ముందు బిగించి, ఆ తర్వాత ఇరుసు బోల్టును బిగించండి. ఇరుసు బోల్టు బిగించేటప్పుడు కొలత కొద్దిగా మారడం మామూలే, కాబట్టి మళ్లీ కొలవాలి. ఆ తర్వాత క్రాంక్ బోల్టుకు పానా పెట్టి ఇంజిన్‌ను తిరిగే దిశలోనే రెండు చుట్లు చేతితో తిప్పండి. బెల్టు గాడుల్లో సర్దుకుని కొలత మళ్లీ మారుతుంది. ఇప్పుడు వచ్చిన అంకెనే లెక్కలోకి తీసుకోండి.

బ్యాటరీ తీగ కలిపి, పానాలన్నీ లెక్కపెట్టుకుని, ఇంజిన్ స్టార్ట్ చేయండి. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి పదిహేను నిమిషాలు నడవనివ్వండి. మల్టీమీటర్‌ను బ్యాటరీ మీదే పెట్టి చూడండి. కాస్త వేగం ఇచ్చినప్పుడు 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య నిలవాలి. శబ్దం పూర్తిగా పోయినా వోల్టేజి 13 దాటకపోతే, లేదా ఛార్జింగ్ లైటు మసకగా వెలుగుతూనే ఉంటే, అది ఇక బెల్టు పని కాదు. ఆల్టర్నేటర్ కరెంటు భాగాలైన బ్రష్‌లను, డయోడ్లను, రెగ్యులేటర్‌ను చూడాలి. తర్వాత ఇంజిన్ ఆపి, చల్లబడ్డాక మళ్లీ కొలిచి, వాడిన బెల్టుకు చెప్పిన అంకెకు తెచ్చుకోండి. ఈ రెండో కొలతను వదిలేసిన కొత్త బెల్టు మొదటి వారంలోనే జారి నున్నబడుతుంది. మీ మూడు బిగింపుల్లో ఒకటైనా ఇలా దెబ్బతిని ఉండవచ్చు.

శబ్దం మిగిలి ఉంటే, స్ప్రే సీసాతో దూరం నుంచి నడుస్తున్న బెల్టు మీద కొద్దిగా నీళ్లు చల్లండి. చేతులు, చొక్కా చేతులు, జుట్టు ఫ్యాన్‌కు దూరంగా ఉండాలి. కూత పెరిగితే జారుడు, అంటే బిగింపో పట్టో చాలడం లేదు. కాసేపు ఆగి మళ్లీ కిచకిచమని మొదలైతే పుల్లీలు వంకరగా ఉన్నాయి, దానికి బిగింపు మందు కాదు.

శబ్దం పోయే వరకు బిగించాలన్న ఆశను మాత్రం దయచేసి అణచుకోండి. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక వ్యాన్‌కు సరిగ్గా అదే చేశాను. బెల్టు వీణతీగలా మోగేంత లాగాను, కూత ఆగింది, యజమాని సంతోషంగా తీసుకెళ్లారు. రెండు నెలలు తిరగకముందే అదే బండి వాటర్ పంపు బేరింగ్ పోయి, కూలెంట్ కారుతూ తిరిగి వచ్చింది. ఆల్టర్నేటర్ ముందు బేరింగ్ కూడా గరగరమంటోంది. అసలు తప్పు గాడి అరిగిన పుల్లీది. ఆ రోజు పది నిమిషాలు పుల్లీని చూసి ఉంటే ఆయనకు రెండు పెద్ద ఖర్చులు తప్పేవి. ఇప్పటికీ ప్రతి బెల్టు పనిలో ముందు టార్చిలైటు తీసేది అందుకే.

300 నుంచి 500 కిలోమీటర్లు నడిచాక ఇంకొకసారి, చల్లటి ఇంజిన్ మీద, అదే చోట, అదే 10 కిలోలతో కొలవండి. అప్పుడు వచ్చిన అంకెను ఇంజిన్ మూత లోపలి వైపు తేదీతో సహా రాసిపెట్టుకోండి. ఆ తర్వాత ప్రతి ఆయిల్ మార్పుకు కొలిచినప్పుడు అంకె కదలకపోతే చేయి పెట్టవద్దు. మళ్లీ వారంలోనే కదిలితే, బోల్టు ముట్టుకోకుండా ముందు క్రాంక్ పుల్లీ మీది గీతను, ఇరుసు బోల్టు ఆటను, రెండు బెల్టుల ఎత్తు తేడాను చూసి, ఆ మూడింటి సంగతి రాయండి. పీచులు లేచిన పాత జతను స్పేర్‌గా దాచుకోకండి. ఇంకొక కొత్త జత కొని, మడత పడకుండా వదులు చుట్టగా సంచిలో పెట్టి, ఆయిల్ డబ్బాలకు దూరంగా సీటు వెనక ఉంచండి. దానితోపాటు ఆ రెండు బోల్టులకు సరిపోయే పానాలను, కర్ర లీవర్‌ను కూడా.